పూతరేకులు విరక్కుండా పెట్టెలోకి చేరాలంటే గాల్లో తేలే కన్వేయరే కావాలా?

ప్రశ్న: ఆత్రేయపురంలో మాది పూతరేకుల తయారీ. రోజుకు ఎనిమిది వేల దాకా చుడతాం, పెట్టెకు పది చొప్పున పెడతాం. కిందటేడు చుట్టే బల్లల దగ్గర నుంచి ప్యాకింగ్ గదికి బెల్టు కన్వేయర్ వేయించాం. అప్పట్నుంచి వందకు ఆరేడు విరుగుతున్నాయి. ఈమధ్య ఒక ఎగ్జిబిషన్‌లో అయస్కాంతాలతో గాల్లో తేలుతూ వెళ్ళే కన్వేయర్ చూశాను. దాని మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు కూడా తొణకలేదు. లోను పెట్టి అది తీసుకోవచ్చా?

జవాబు:

లోను సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఒక చిన్న లెక్క చూద్దామండీ. ఎనిమిది వేల రేకులంటే 800 పెట్టెలు. ఎనిమిది గంటల పనిలో గంటకు వంద. అంటే 36 సెకన్లకు ఒక పెట్టె. మీరు చూసిన యంత్రం సెకనుకు 2 మీటర్ల వేగంతో పరిగెత్తగలదు. ఆ 36 సెకన్లలో అది మీ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళొచ్చేసి, మిగిలిన సమయమంతా గాల్లో తేలుతూ ఖాళీగా కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ కరెంటు కాలుతుంది.

అలాగని అది ఉత్త ఆర్భాటమని నేననడం లేదు. ఇరవై రెండేళ్ళుగా ప్యాకింగ్ లైన్లే నాకు అన్నం పెడుతున్నాయి. మొదట్లో హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేశాను. తర్వాత తణుకు వచ్చేసి ఇక్కడి బిస్కెట్, గుడ్డు, రొయ్య ప్లాంట్లకు లైన్లు పెట్టిస్తున్నాను. నాకు తెలిసి ప్యాకింగ్ యంత్రాల్లో ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన గొప్ప మార్పుల్లో ఇదొకటి. కానీ మీ రేకు విరుగుతున్నది అది బాగుచేసే చోట కాదేమో అని నా అనుమానం.

రేకు ఎక్కడ విరుగుతుందంటారు? బెల్టు మీద వెళ్తూ విరగదు. చేతులు మారేచోట విరుగుతుంది. ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు, బెల్టు నుంచి బల్లకు, బల్ల నుంచి పెట్టెకు. రేకు 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకోండి, కింద తగిలేసరికి వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. అది గట్టి స్టీలు పలక మీద పడి 2 మిల్లీమీటర్లలో ఆగిపోతే, ఆ ఆగడంలో దాని మీద పడే దెబ్బ సగటున భూమ్యాకర్షణకు పాతిక రెట్లు. లెక్క చాలా సులువు, పడిన ఎత్తుని ఆగిన దూరంతో భాగించడమే. అదే ఎత్తు నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకునే స్పాంజి మీద పడితే ఐదు రెట్లు. కింద గట్టి పలకే ఉంచి ఎత్తుని 1 సెంటీమీటరుకి దించినా అదే ఐదు రెట్లు.

ఇప్పుడు బెల్టు సంగతి చూడండి. సెకనుకు 0.2 మీటరు వేగంతో నడిచే బెల్టు అర సెకనులో ఠక్కున ఆగినా, దాని మీదున్న రేకుకి తగిలే కుదుపు భూమ్యాకర్షణలో పాతికో వంతు. ఒకచోట పాతిక రెట్లు, ఇంకోచోట పాతికో వంతు! గాల్లో తేలే కన్వేయర్ బాగుచేసేది ఈ రెండో దాన్ని. పడడం అనేది మీ లైనులో ఉన్నంతకాలం, కింద చక్రాలున్నా అయస్కాంతాలున్నా రేకుకి పట్టదు.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు, చెయ్యి కాల్చుకుని చెబుతున్నాను. పదేళ్ళ కిందట తణుకు దగ్గర ఒక గుడ్ల షెడ్డులో పగుళ్ళు ఎక్కువగా ఉన్నాయని పిలిచారు. వెళ్ళి చూశాను. పాత బెల్టు, ఎగుడుదిగుడు రోలర్లు. ఇదే కారణమని తేల్చేసి మొత్తం బెల్టు మార్పించి, మోటారుకి వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని సర్దే పరికరం, పెట్టించి, మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా సెట్ చేశాను. బెల్టు వెన్నలా నడిచింది. వారం తర్వాత చీకటి గదిలో గుడ్లను లైటు మీద పెట్టి చూస్తే పగుళ్ళు అన్నీ అలాగే ఉన్నాయి. యజమాని నా ముందు ఒక ట్రే పెట్టి, "ఇంజనీరు గారూ, బెల్టు మహా బాగుందండీ, గుడ్లకే అర్థం కావట్లేదు" అన్నాడు. మన గోదావరి వెటకారం మీకు తెలిసిందేగా! ఆ పూట స్టూలు వేసుకుని కూర్చుని చూస్తే అసలు విషయం కనపడింది. బెల్టు చివర గుడ్డు నాలుగు సెంటీమీటర్లు దొర్లి పడి, అప్పటికే ఆగి ఉన్న ముందు గుడ్డుకి కొట్టుకుంటోంది. అక్కడ అడ్డంగా నైలాన్ బ్రష్ కట్టి, కింది పళ్ళెం ఎత్తు పెంచాం. దానికైన ఖర్చు బెల్టు ఖర్చులో నూరో వంతు కూడా లేదు. నేను రాసిచ్చిన బిల్లు ఆయన ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ, ఇప్పటికీ ఎదురుపడితే ఆ ట్రే సంగతే ఎత్తుతాడు.

కాబట్టి మీరు కొటేషన్లు అడిగే ముందు ఫోన్ తియ్యండి. స్లోమోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు పెట్టి, ప్రతి చేతులు మారేచోటా పక్క నుంచి వీడియో తియ్యండి. పైనుంచి తీస్తే ఏమీ తెలియదు, కెమెరా బెల్టు మట్టానికి ఉండాలి. నా ఊహ నిజమైతే మీకు కనపడేది ఇది. రేకు మొదటి బెల్టు అంచు దాటగానే ముందు కొన కిందికి వంగుతుంది. రెండు బెల్టుల చివరి రోలర్ల మధ్య ఉన్న లోయలోకి ఆ కొన దిగి, రెండో రోలరుకి తగులుతుంది. వెనక్కొన ఒక్క క్షణం పైకి లేచి టప్పున పడుతుంది. విరుపు ముందు కొనలో కాదు, ఆ లేచిపడిన కొనలోనో, నడుము దగ్గరో వస్తుంది.

మీ వాళ్ళు రేకుల్ని బెల్టు మీద అడ్డంగా పెడుతున్నారా, నిలువుగానా? అడ్డంగా పెడితే ఆ లోయలోకి రేకు మొత్తం దిగుతుంది. పొడుగు నడక దిశలో ఉండేలా పెడితే తలా తోకా చెరో బెల్టు మీద ఆని, లోయ మీద వంతెనలా దాటుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, రేపు ఉదయమే మార్చి చూడండి. తర్వాత చివరి రోలర్లు ఎంత లావున్నాయో చూడండి. 60 మిల్లీమీటర్ల రోలర్లు రెండు ఎదురెదురుగా ఉంటే మధ్య లోయ పెద్దదే. బెల్టు చివర సన్నటి నోస్ రోలర్లు, 12 మిల్లీమీటర్ల లావువి, పెట్టిస్తే ఆ లోయ దాదాపు పూడిపోతుంది. రెండో బెల్టు వేగం మొదటిదానికంటే కొంచెం, ఒక ఐదు శాతం, ఎక్కువ ఉండాలి. తక్కువైతే వెనక రేకు ముందు రేకుని గుద్దుతుంది.

మీ పక్కనే లొల్ల లాకులున్నాయి కదా. కాలవలో పై మట్టం నుంచి కింది మట్టానికి పడవని ఎవరూ దొర్లించరు. లాకులోకి తెచ్చి, తలుపు మూసి, నీళ్ళు సమం చేసి, అప్పుడు అవతలి తలుపు తీస్తారు. చేతులు మారేచోట మట్టం కలవాలి, వేగం కలవాలి. నా దగ్గర పనికి కుదిరిన కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది ఈ లాకు కథే.

ఇంకో ప్రశ్న. ప్యాకింగ్ గదికి ఏసీ పెట్టించారా? రేకుని తడిగుడ్డతో మెత్తబరిచి చుడతారు కాబట్టి చుట్టిన కాసేపు అది వంగినా విరగదు. తేమ పోయేకొద్దీ పెళుసెక్కుతుంది. కన్వేయర్ రాకముందు బల్ల దగ్గరే చుట్టి అక్కడికక్కడే పెట్టెలో పెట్టేవారు. ఇప్పుడు బెల్టు ఎక్కి, ప్యాకింగ్ గదిలో వరస కోసం ఆగి, ఏసీ పొడిగాలి తగిలి, అప్పుడు పెట్టెలోకి వెళ్తోంది. అంటే సరిగ్గా పెళుసైన సమయంలో మీరు దాన్ని కదిలిస్తున్నారు. విరిగినవాటిని ఒక్క కుప్పగా కాకుండా, చుట్టాక పది నిమిషాల్లోపు పెట్టెకెక్కినవీ, అరగంట ఆగినవీ విడివిడిగా, నూటికి ఎన్ని విరిగాయో లెక్కపెట్టి చూడండి. తేడా కనపడితే బెల్టుని తిట్టడం ఆపొచ్చు.

సరే, ఇప్పుడు మీరడిగిన యంత్రం దగ్గరకి వస్తాను. ఎగ్జిబిషన్లలో "మాగ్నెటిక్ కన్వేయర్" అనే ఒక్క పేరుతో మూడు వేరువేరు వస్తువులు అమ్ముతారు, ముందు అది తేల్చుకోవాలి. ఒకటి, బెల్టు కింద అయస్కాంతం పెట్టి ఇనప డబ్బాల్నీ మూతల్నీ పట్టి ఉంచేది. అది పాతకాలపుది, మీకు అక్కర్లేదు. రెండోది లీనియర్ మోటారు ట్రాక్. ట్రాక్ పొడుగునా కాయిల్స్ ఉంటాయి, వాటి మీద చిన్న బండ్లు దేనికది విడిగా నడుస్తాయి. బెకాఫ్ కంపెనీ 2012లో తెచ్చిన ఎక్స్‌టీఎస్ ఈ రకం. దీన్ని నడిపేది అయస్కాంతమే అయినా బండి మాత్రం చక్రాల మీదే ఉంటుంది, తేలదు. మూడోది నిజంగా తేలేది. బెకాఫ్ 2018లో న్యూరెంబర్గ్ ప్రదర్శనలో చూపించిన ఎక్స్‌ప్లానార్, బీ అండ్ ఆర్ అనే కంపెనీ తెచ్చిన ఎకోపోస్ 6డి ఇలాంటివి. నీళ్ళ గ్లాసు మాట చెప్పారు కాబట్టి మీరు చూసింది ఈ మూడోదే అనుకుంటున్నాను.

ఇందులో కింద 240 మిల్లీమీటర్ల చదరపు పలకలు గచ్చు పరిచినట్టు పరుస్తారు. లోపలంతా రాగి కాయిల్స్. పైన తిరిగే పీటల అడుగున శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. కాయిల్స్‌లో కరెంటు మారేకొద్దీ పీట లేస్తుంది, కదులుతుంది, తిరుగుతుంది, వంగుతుంది. ఊరికే అయస్కాంతం మీద అయస్కాంతం పెడితే నిలవదు, పక్కకు జారి తిరగబడుతుంది. స్థిరంగా ఉన్న అయస్కాంతాలతోనే ఇంకో అయస్కాంతాన్ని నిలకడగా తేల్చలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే లెక్కగట్టి చూపించాడు. అందుకే పలకలోని సెన్సర్లు పీట ఎక్కడుందో సెకనుకు వేలసార్లు చూస్తూ, కరెంటుని సరిచేస్తూ ఉంటాయి. తేలే ఎత్తు ఎంతనుకున్నారు? మహా అయితే 5 మిల్లీమీటర్లు. బరువెక్కువైతే ఇంకా తగ్గుతుంది.

నీళ్ళు తొణక్కపోవడంలో మాయేమీ లేదు. పీట వేగం పుంజుకునేటప్పుడు సరిగ్గా ఆ మేరకు ముందుకు వాలుతుంది, నిండు బిందె మోసే మనిషి నడుము సర్దుకున్నట్టు. 5 డిగ్రీలు వాలితే సెకను సెకనుకు 0.86 మీటరు చొప్పున వేగం పెరిగినా గ్లాసులో నీటిమట్టం గ్లాసుకి సమంగానే ఉంటుంది. మూత పెట్టని ఇంజక్షన్ సీసాలకి ఇది వరం. మీ పూతరేకు నీళ్ళు కాదు. మెత్తటి గూడులో పెడితే అది జారదు, తొణకదు. ఈ సుగుణం మీకు పనికిరాదు.

మరి దేనికి పనికొస్తుంది? రుద్దుడు లేదు, గ్రీజు లేదు, అరుగుదల పొడి లేదు. అందుకే మందుల వాళ్ళూ కంప్యూటర్ చిప్పుల వాళ్ళూ దీని వెంట పడుతున్నారు. ఒక్కో పీట తన దారి తను ఎంచుకోగలదు. పైనున్న దాని తూకం కూడా అదే చెప్పగలదు. పెట్టె సైజు మారితే దారి చూపే పక్క పట్టీలు విప్పి బిగించక్కర్లేదు, ప్రోగ్రాం మారిస్తే చాలు. నాకు దీంట్లో బాగా నచ్చింది మాత్రం వేరే ఉంది. వస్తువు ఒకసారి పీట ఎక్కితే చివరిదాకా దిగదు. నింపడం, తూచడం, మూత వెయ్యడం అన్నీ అదే పీట మీద జరిగిపోతాయి. నెమ్మదిగా లోడ్ చెయ్యడం అనే మాటకి అసలు అర్థం అదే. చేతులు మారకపోవడం.

ఈ ఒక్క సుగుణాన్ని మీరు అయస్కాంతం లేకుండానే కొనుక్కోవచ్చు. పెట్టెలో పెట్టే లోపలి ట్రే ఉంటుంది కదా, పది గదులది, దాన్నే చుట్టే బల్ల దగ్గరకు పంపండి. చుట్టిన అమ్మాయి రేకుని నేరుగా ట్రేలో పెడుతుంది. బెల్టు మీద నడిచేది ట్రే. ప్యాకింగ్ గదిలో ట్రేతో సహా పెట్టెలోకి వెళ్తుంది. రేకుకి తగిలే చెయ్యి ఒక్కటే, అదీ రేకు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు. ట్రే అడుగు చదునుగా, బెల్టుల మధ్య లోయకంటే బాగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి అంచుల దగ్గర వంగి పడే గొడవ కూడా పోతుంది. ఖాళీ ట్రేలు తిరిగి బల్లల దగ్గరకు రావడానికి కింద ఇంకో చిన్న బెల్టు కావాలి, లేదా ఒక కుర్రాడు చాలు. డ్రైఫ్రూట్ రకానికి మాత్రం గది కొంచెం వెడల్పుగా చేయించండి. దాని పొట్ట లావు, ఇరుకు గదిలో నొక్కితే పక్కలు పగులుతాయి.

ఇంత చెప్పినా మనసు ఆ తేలే యంత్రం మీదే ఉంటే, మన డెల్టాలో దానికి వచ్చే చిక్కులు కూడా వినండి. మొదటిది కరెంటు. సరఫరా పోతే పీట కూలదు, ఒకట్రెండు మిల్లీమీటర్లే కాబట్టి మెల్లగా పలక మీద వాలుతుంది. కానీ జనరేటర్ అందుకునేలోపు లైను ఆగిపోతుంది. తిరిగి మొదలైనప్పుడు ఏ పీట ఎక్కడుందో, దాని మీదున్నది సగం నిండిందో పూర్తయిందో కంట్రోలర్ తేల్చుకోవాలి. ఆన్‌లైన్ యూపీఎస్ లేకుండా దాని జోలికి పోవద్దు. రెండోది నేల. పలకలన్నీ ఒకే మట్టంలో, గట్టి ఫ్రేము మీద ఉండాలి. మన నేల నల్లమట్టి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. షెడ్డు గచ్చు మీద నేరుగా నిలబెడితే రెండేళ్ళలో మట్టం తప్పుతుంది. దానికి విడిగా పునాది కావాలి.

మూడోది మీ వాళ్ళ పిన్నీసులు. నవ్వకండి. ఆ పీటల అడుగున ఉండేవి గట్టి నియోడిమియం అయస్కాంతాలు. చీర కుచ్చిళ్ళకు పెట్టిన పిన్నీసు, తలపిన్ను, ఊడిన స్క్రూ, ఏది రాలినా వెళ్ళి పీట అడుగుకి అతుక్కుంటుంది. తేలే సందు మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు పిన్నీసు అడ్డం పడితే పీట పలకను గీరుకుంటూ పోతుంది. పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్ళని ఆ పీటల దగ్గరకు రానివ్వకూడదు, ఇది మాత్రం సరదా మాట కాదు. మెటల్ డిటెక్టర్ ఉంటే పీట దాని లోంచి వెళ్ళలేదు. కాబట్టి అక్కడ వస్తువుని దింపి మళ్ళీ ఎక్కించాలి. అంటే ఏది తప్పించుకోవడానికి ఇదంతా కొన్నారో అదే తిరిగొస్తుంది. నెయ్యి, బెల్లం పొడి సంగతి పెద్ద సమస్య కాదు. పైన చదునుగా ఉంటుంది కాబట్టి తుడిస్తే పోతుంది, ఆ మాటకొస్తే బెల్టుకంటే నయం.

ధర గురించి ఒక్క మాట. బెల్టు ధర పొడుగుని బట్టి, దీని ధర పరిచిన పలకల లెక్కని బట్టి. మీటరు దూరానికి ఒకే వరసైతే నాలుగైదు పలకలు పడతాయి. పీటలు ఒకదాన్నొకటి దాటాలంటే వరసలు పెంచాలి. కొటేషన్ వస్తే పలకలు, పీటలు, కంట్రోలర్, పవర్ సప్లైలు, ఫ్రేము, యూపీఎస్, కమిషనింగ్, స్పేర్లు, అన్నీ విడివిడిగా రాసిచ్చారా లేదా చూడండి. స్పేరు పలక ఒకటి మీ బీరువాలో లేకపోతే దసరా సీజన్‌లో ఒక్క పలక పోయినా లైను మూసుకోవాల్సిందే.

మన దగ్గర దీనికి సరిపోయే పని లేదని కాదు. 2023లో మీ పూతరేకులకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకనే భౌగోళిక గుర్తింపు, వచ్చాక బయటి ఊళ్ళ నుంచి ఆర్డర్లు పెరిగే ఉంటాయి. రేపు ఎవరైనా ఒకే పెట్టెలో నాలుగు పూతరేకులు, రెండు తాపేశ్వరం కాజాలు, నాలుగు సున్నుండలు పెట్టి, కొనేవాడు కోరిన కలయికలో, నిమిషానికి ముప్పై నలభై పెట్టెలు పంపాలనుకుంటే, అప్పుడు ఒక్కో ట్రేని ఒక్కో పీట మీద పెట్టి దాని దారిన దాన్ని పంపడం బంగారంలా ఉంటుంది. బెల్టుతో ఆ పని నరకం. నిమిషానికి రెండు పెట్టెలు కూడా లేనప్పుడు మాత్రం అది ఏనుగు మీద ఎక్కి ఎదురింటికి వెళ్ళడం.

నోస్ రోలర్లు, ట్రే అచ్చు, తిరుగు బెల్టు, వీఎఫ్‌డీ, వీటికి లోను కావాలంటే కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకం పీఎంఎఫ్‌ఎంఈ గురించి జిల్లా అధికారుల దగ్గర అడగండి. అందులో యూనిట్‌కి అయ్యే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చేవారు, ఇప్పుడూ ఇస్తున్నారో లేదో కనుక్కోండి.

ఇంకో చిట్కా. ఫైఫాక్స్ అని జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఉచిత యాప్ ఉంది. అది ఫోన్‌లో వేసుకుని, యాక్సిలరేషన్ రికార్డు ఆన్ చేసి, ఫోన్‌ని గుడ్డలో చుట్టి ట్రేలో పెట్టి లైను మీద పంపండి. ఫోన్ బరువు రేకు బరువు కాదు కాబట్టి అంకెలు యథాతథంగా తీసుకోకండి. కానీ గ్రాఫులో ముళ్ళు ఎక్కడెక్కడ లేచాయో చూస్తే ఏ మలుపు దగ్గర దెబ్బ తగులుతోందో తెలిసిపోతుంది.

ముందు రేకుల్ని నిలువుగా పెట్టి ఒక రోజు నడపండి. మర్నాడు మొదటి బెల్టు చివర నుంచి రెండో బెల్టు మట్టానికి ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి కొలిచి, రోలర్ల లావు, ఏసీ ఎన్ని డిగ్రీల మీద పెడుతున్నారో, అరగంట ఆగిన నూరులో ఎన్ని విరిగాయో రాయండి. పక్క నుంచి తీసిన వీడియో కూడా జతచెయ్యండి. అవి చూసి ట్రే గది కొలతలు నేను గీసిస్తాను.